ప్రార్థనా మందిరములలో ధ్వని సమత

కృష్ణగిరినుండి హోసూరు మీదుగా బెంగుళూరునకు పోవు జాతీయ రహదారిపై కుందారపల్లి యను గ్రామము గలదు. ఒకప్పుడు 7వ సంఖ్యతోను, ఇప్పుడు 44వ సంఖ్యతోను వ్యవహరింపబడు ఆ రహదారి మీద బండ్లరొద రేయింబవళ్లు ఆగదు. సేలము జిల్లానుండి 1965లో ధర్మపురి జిల్లాయు, ధర్మపురి జిల్లానుండి 2004లో కృష్ణగిరి జిల్లాయు విడివడినవి. జిల్లాల పేరులు మారినను ఈ సీమలో తెలుగు, తమిళము, కన్నడము కలిసిమెలిసి యుండుట మారలేదు. ఇంట తెలుగు, బడిలో తమిళము, సంతలో ఎదుటివాని భాష: ఇది ఇచ్చటి తెలుగువారి వాడుక. ఇట్టి సీమలో క్రైస్తవుల ఆరాధన జరుగు మందిరమున కీర్తన యొక భాషలోను, వాక్యపఠనము మరియొక భాషలోను సాగుట వింత గాదు. వినువాని చెవికి ఇచ్చట పని హెచ్చు.

ఈ మందిరములనుగూర్చి వినవచ్చు ఫిర్యాదు ప్రతిచోటను ఒక్కటే. ముందువరుసవారికి చెవులు నొచ్చును. వెనుకవరుసవారికి మాట పోల్చుకొన రాదు. పాట బాగుగ వినబడును. ప్రసంగము ముద్దయై పోవును. క్రిస్మసునాడు చక్కగ నున్న ధ్వని, మరుసటి ఆదివారమున అదే మైకు, అదే మనిషి, అదే స్పీకరుతో పాడగును. సంఘస్థులు దీనికి వెదకు విరుగుడు సాధారణముగ మరింత పెద్ద యాంప్లిఫయరు. ధ్వని హెచ్చుట వేరు, ధ్వని సమముగ నుండుట వేరు అను సంగతి తెలుగు దేశపు దేవాలయముల చరిత్రను పరిశీలించినవారికి స్పష్టపడును.

ముందుగా భాషనుగూర్చి యొక మాట. తెలుగులో అచ్చు నిడివిచేతను, హల్లు ద్విత్వముచేతను అర్థము మారును. పలు, పాలు, పల్లు అను మూడింటికిని గల భేదము సెకనులో పదియవ వంతు అటునిటుగా నుండు కాలములోనే యున్నది. గడికిని గడ్డికిని నడుమ నున్నది నాలుక యొక్క క్షణకాలపు మౌనము మాత్రమే. గోడలనుండి తిరిగివచ్చు నాదము ఆ మౌనమును పూడ్చివేసినచో గడ్డి గడియై పోవును. తమిళమునకును ఈ గుణము గలదు. ఆంగ్లమున ద్విత్వమునకు ఇంతటి శక్తి లేదు. ఇంతకంటె ముఖ్యమైనది మరియొకటి. తెలుగు వాక్యమునకు ప్రాణము తుదనున్న క్రియలో నుండును. విధియు నిషేధమును ఆ క్రియ చివరి అక్షరములలో తేలును. "క్షమించును", "క్షమింపడు" అను రెంటికిని మొదలు ఒక్కటే. "మరచును", "మరువడు" అనువానికిని అంతే. ప్రసంగకర్తలలో పలువురు వాక్యము తుదకు వచ్చుసరికి గొంతు దించుదురు, ఊపిరి విడుతురు, మోము పుస్తకమునకు వంతురు. అనగా అర్థము నిలిచియున్న చోటనే శబ్దము సన్నగిల్లును. వెనుక చాపమీద కూర్చున్న ముదుసలికి దేవుడు క్షమించునో క్షమింపడో తెలియకపోవుట చిన్న లోపము కాదు.

ఇక చరిత్ర. కట్టడముల ధ్వనినిగూర్చి మానవుడు చింతించుట ప్రాచీనమే. క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దమున రోమక వాస్తుశాస్త్రజ్ఞుడు విట్రూవియస్ నాటకశాలలలో కంచు కలశములు అమర్చు పద్ధతిని వర్ణించెను. మధ్యయుగమున ఐరోపా దేవాలయముల గోడలలో మట్టికుండలను నోరు తెరచియుండునట్లు పొదిగిరి. వానివలన కలిగిన ప్రయోజనము స్వల్పమని నేటి పరిశోధకుల యభిప్రాయము. ఆ మహాలయములలో నాదము పలు సెకనులు నిలుచును. అందుచేత లాటిను గీతములు నెమ్మదిగ, పదమును సాగదీసి, ఒక్క స్వరముపై నిలిచి పాడబడెడివి. అర్థగ్రహణమునకు అచ్చట అంత తొందర లేదు. మంత్రము ముందే యెరిగినదే.

తెలుగునాట పరిస్థితి వేరు. పందొమ్మిదవ శతాబ్దమున పల్లెలలోని ప్రార్థన చెట్టునీడను, తాటియాకు పందిరిక్రింద, మట్టిగోడల పాకలో జరిగెను. తాటియాకును, పూరియు, మట్టియు నాదమును పీల్చుకొనును గాని తిరుగగొట్టవు. బోధకుని గొంతు ఎంతదూరము పోవునో అంతే సంఘము. కాని పోయినంతమేర మాట విడివిడిగ వినబడెడిది. పేదల పాక మాటకు అనుకూలమైన మందిరమని అప్పుడెవరును గుర్తించినట్లు లేదు. పాకను విడిచి సున్నపు గోడలకును, కాంక్రీటు కప్పునకును, రాతినేలకును పోయిన తరువాతనే ఈ చిక్కు పుట్టెను.

ఆ కాలపు కీర్తనమును ఈ దృష్టితో చూడదగును. తెలుగు క్రైస్తవ కీర్తనకారులలో అగ్రగణ్యుడైన పురుషోత్తమ చౌదరి (1803-1890) మొదలగువారు కర్ణాటక రాగతాళములలో పల్లవి, అనుపల్లవి, చరణములు గల కీర్తనములు రచించిరి. ముందు ఒకరు పాడగా సంఘము దానిని మరల పాడును. ప్రతి చరణమునకు పల్లవి తిరిగివచ్చును. నాయకుని నోట వినబడనిది ప్రక్కవాని నోట వినబడును. చదువురాని జనులకు మాట నేర్పుటకు ఏర్పడిన ఈ పద్ధతి, ధ్వనిని మందిరమంతట సమముగ పంచు సాధనము కూడ నయ్యెను. గాయకుడొక్కడు మైకు పట్టుకొని పాడగా తక్కినవారు చప్పట్లు కొట్టు నేటి రీతిలో ఆ లాభము పోయినది.

మహాలయ నిర్మాణమునకు తెలుగునాట ప్రసిద్ధమైన నిదర్శనము మెదకు. వెస్లియను మెథడిస్టు మిషనునకు చెందిన చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యమున 1914లో ఆరంభింపబడి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఈ దేవాలయము 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు గలది. దాని గోపురము ఎత్తు 175 అడుగులు. ఇంగ్లండులోని బోల్టనుకు చెందిన బ్రాడ్షా, గాస్, హోప్ అను వాస్తుశిల్పుల సంస్థ దీనిని రూపొందించెను. వేలకొలది జనులు పట్టు ఆ విశాల మంటపమున పైకప్పు లోపల స్పాంజివంటి పదార్థమును పరచిరనియు, అందుచేత ప్రతిధ్వని పుట్టదనియు చెప్పుదురు. చూడవచ్చినవారు గాజుకిటికీలను మెచ్చుకొందురు గాని ఈ కప్పునుగూర్చి తలచువారు అరుదు.

మెదకులో పునాదులు త్రవ్విననాటి ప్రపంచమును స్మరించిన ఈ కప్పు విశేషము బోధపడును. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున 1895లో తెరచిన ఫాగ్ ఉపన్యాసశాల వినుటకు పనికిరానిదాయెను. అచ్చట ఒక్క మాట పలికినచో దాని నాదము ఐదున్నర సెకనులు నిలిచియుండెడిది. దీనిని సరిచేయు పని వాలెస్ క్లెమెంట్ సబీన్ అను యువకుడైన భౌతికశాస్త్ర బోధకునికి అప్పగింపబడెను. ఆయన సమీపముననున్న శాండర్స్ నాటకశాలనుండి దిండ్లను రాత్రులందు మోయించి తెచ్చి, ఆర్గను గొట్టమును ఊది, నాదము ఎంతసేపు నిలుచునో గడియారముతో కొలిచి, తెల్లవారులోపల దిండ్లను మరల పంపివేసెడివాడు. ఇట్టి శ్రమవలన తేలిన సూత్రము మిక్కిలి సరళమైనది. మందిరము ఎంత పెద్దదైన నాదము అంతసేపు నిలుచును. అందు శబ్దమును పీల్చు వస్తువులు ఎంత హెచ్చైన అంత త్వరగా అణగును. 1900లో తెరచిన బోస్టను సంగీతశాల ఈ సూత్రానుసారము కట్టబడిన మొదటి సంగీతశాల. తరువాత సబీన్, గాస్టవీనో అను కట్టడపు పనివానితో కలసి శబ్దమును పీల్చు పెంకును కనిపెట్టెను. న్యూయార్కునందలి సెంట్ థామస్ దేవాలయమున దానిని వాడిరి. ఆ పెంకునకు 1914లో పేటెంటు లభించెను. మెదకు దేవాలయము ఆరంభమైన సంవత్సరమును అదే. ఈ రెంటికిని సంబంధము గలదని చెప్పుట లేదు. రాతి దేవాలయమున మాట నిలువవలెనన్న కప్పును మెత్తపరచవలెనను ఆలోచన ఆ దశాబ్దమున వ్యాపించుచుండెనని చెప్పుటయే.

దోర్నకల్లు దేవాలయమును ఇచ్చట విడువరాదు. 1912లో ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య తమిళుడు. తెలుగు నేర్చి తెలుగువారి నడుమ జీవించెను. ఆయన కట్టించిన దేవాలయము 1939లో ప్రతిష్ఠింపబడెను. హైందవ మంటపస్తంభములును, మహమ్మదీయ రీతి గుమ్మటములును అందు కలిసినవి. గుమ్మటము శబ్దమును ఒకచోటికి పోగుచేయు స్వభావము గలది, స్తంభములు చెదరగొట్టునవి. సొగసుకొరకు ఎన్నుకొన్న రూపములు ధ్వనిని కూడ శాసించునను సంగతి కట్టడములు కట్టించువారు తరచు మరతురు.

ఇంతలో లౌడుస్పీకరు వచ్చెను. 1915లో కాలిఫోర్నియాలో జెన్సెన్, ప్రిదమ్ అనువారు దానిని జనసమూహముల యెదుట ప్రదర్శించిరి. మన దేశమున 1930ల నాటి కాంగ్రెసు మహాసభలలో చికాగో రేడియో వారి లౌడుస్పీకర్లు ప్రసిద్ధికెక్కెను. మైదానమునకు తగిన ఆ వెడల్పునోటి లౌడుస్పీకరే తరువాత పెండ్లిపందిరికిని, గుడికిని, మసీదుకును, చర్చికిని దిగివచ్చెను. బయట దూరముగ విసరుటకు పుట్టిన సాధనమును నాలుగుగోడల నడుమ వ్రేలాడదీసిన, అది గోడను కొట్టును, గోడ వినువానిని కొట్టును.

కతోలికుల విషయమున మరియొక మార్పు జరిగెను. 1963 డిసెంబరు 4న రెండవ వాటికను మహాసభ ఆరాధనావిధులనుగూర్చిన శాసనమును ప్రకటించి దేశభాషల వాడుకకు తలుపు తెరచెను. కొలది సంవత్సరములలో లాటిను తగ్గి తెలుగు, తమిళములు పూజలో ప్రవేశించెను. గురువు జనులవైపు తిరిగి నిలిచెను. పీఠముపై మైకు వెలసెను. లాటిను గీతమునకు అందము తెచ్చిన దీర్ఘనాదము తెలుగు సువార్తకు శత్రువయ్యెను. కట్టడము మారలేదు, భాష మారినది. నేడు కృష్ణగిరి, హోసూరు ప్రాంతపు కతోలిక సంఘములు 1997లో ఏర్పడిన ధర్మపురి మేత్రాసనమునకు చెందినవి.

దీర్ఘనాదమును గెలుచుటకు ఉపాయము అప్పటికే యొకటి తేలియుండెను. జర్మనీలో హెల్ముట్ హాస్ 1949లో చేసిన పరిశోధనవలన ఒక విచిత్రము బయటపడెను. ఒకే మాట రెండు చోట్లనుండి వచ్చినప్పుడు, రెండవది సెకనులో సుమారు ముప్పదింట ఒక వంతు లోపల చేరినచో, అది కొంత బిగ్గరగ నున్నను చెవి దానిని వేరుగ గుర్తింపదు. మొదట వచ్చిన దిక్కునుండియే మాట వచ్చుచున్నట్లు తోచును. నాదము పది సెకనులకు మించి నిలుచు లండను సెంట్ పాల్ దేవాలయమున 1950ల ఆరంభమున పార్కిన్, టేలర్ అనువారు ఈ సత్యమును ప్రయోగించిరి. పొడవైన నిలువుపెట్టెలలో స్పీకర్లను ఒకదానిపై నొకటి పేర్చి, శబ్దము కప్పునకు పోక జనులవైపే పరచుకొనునట్లు చేసిరి. వెనుకనున్న పెట్టెలకు పోవు మాటను, తిరుగు అయస్కాంత చక్రముపై నమోదుచేసి కొంత ఆలస్యముగ విడిచిరి. పెద్ద స్పీకరు ఒక్కటి గాక, చిన్నవి పలుచోట్ల తక్కువ బిగ్గరతో పలికిన మాట స్పష్టపడునని దీనిచే రుజువయ్యెను. గుణదల కొండ యుత్సవమువంటి బహిరంగ సమూహములలోను ఇదే లెక్క పనిచేయును. శబ్దము సెకనులో పదియవ వంతులో సుమారు 113 అడుగులు మాత్రమే పోవును. దూరదూరముగ కట్టిన స్పీకర్లు ఒకేసారి పలికినచో జనునికి ప్రతి మాట రెండుమారులు వినబడును. చక్రము చేసిన పనిని నేడు అరచేతిలో ఇముడు యంత్రము చేయుచున్నది. దానిని కొన్నవారు సయితము తరచు ఆ ఆలస్యమును అమర్చుకొనరు.

ఇప్పుడు కుందారపల్లి సీమకు మరలుదము. కృష్ణగిరి జిల్లా గ్రానైటు రాతికి పేరొందినది. కలిగినంతలో మందిరమునకు మెరుగుపెట్టిన రాతినేల వేయుట ఇచ్చట భక్తికిని, మర్యాదకును గుర్తు. ఆ రాయి తనపై బడిన శబ్దములో నూటికి ఒకటి రెండు పాళ్లకు మించి పీల్చదు. నలువది అడుగుల పొడవు, ఇరువదినాలుగు అడుగుల వెడల్పు, పదునాలుగు అడుగుల ఎత్తు గల చిన్న మందిరము నొకదానిని ఊహింపుడు. దాని ఘనపరిమాణము 13,440 ఘనపుటడుగులు. గోడలు, కప్పు, నేల కలిసి 3,712 చదరపుటడుగులు. అవి సగటున నూటికి మూడు పాళ్లు పీల్చుననుకొన్న, మొత్తము శోషణము 111 చదరపుటడుగుల తెరచిన కిటికీకి సమానము. ఘనపరిమాణమును 0.049చే గుణించి శోషణముచే భాగింపవలెనన్నది సబీన్ సూత్రము. ఖాళీ మందిరమున నాదము దాదాపు ఆరు సెకనులు నిలుచును. నూరు చదరపుటడుగుల కిటికీలు తెరచి నూర్గురు కూర్చున్నచో, ఒక్కొక్కరు సుమారు నాలుగున్నర చదరపుటడుగుల పాటి పీల్చుదురు గనుక, అది ఒక్క సెకనుకు దిగును. అదే మందిరమున ఇరువదిమంది మాత్రమే యున్నచో రెండు సెకనులకు పైబడును. కిటికీలు కూడ మూసినచో మూడు దాటును. క్రిస్మసునాటి ధ్వని మరుసటి ఆదివారమున చెడుటకు కారణము ఇదే. మైకు మారలేదు, మనుష్యులు లేరు. జనులే ఆ మందిరమునకు దిండ్లు.

పాశ్చాత్యులు మెత్తని ఆసనములు వేసి, మనుష్యుడు లేనప్పుడు ఆసనమే అతని వంతు శబ్దమును పీల్చునట్లు చేసికొనిరి. నేలపై కూర్చుండు మన సంఘములకు ఆ మార్గము లేదు. కాని మందపు జంపఖానాయు, వెనుకగోడకు మడతలుపెట్టి వ్రేలాడదీసిన దళసరి వస్త్రమును గలవు. రెండువందల చదరపుటడుగుల అట్టి వస్త్రము సుమారు ఇరువదిరెండుగురు మనుష్యులు చేయు పనిని చేయును. యాంప్లిఫయరు వెలతో పోల్చిన దీని ఖర్చు స్వల్పము. అయినను సంఘములు యాంప్లిఫయరునే కొందురు, దానిమీద దాత పేరు వ్రాయవచ్చును గనుక.

మరియొక దుర్వాడుకను పేర్కొనక తప్పదు. నేటి యాంప్లిఫయర్లలో "ఎకో" అను మర యుండును. ప్రతిధ్వని చాలని చోట పాటకు నిండుదనము తెచ్చుట దాని పని. మన మందిరములలో అది రాతినేలపై పుట్టు నాదమునకు తోడు కృత్రిమ నాదమును కూర్చును. పాటకొరకు త్రిప్పిన మరను ప్రసంగమునకు ముందు వెనుకకు త్రిప్పువారు అరుదు. గంభీరమైన గొంతు దైవికముగ నుండునను భ్రాంతియే దీనికి మూలము. మైకునకు నోటికి గల దూరము రెట్టింపైనచో శబ్దతీవ్రత నాలుగవ వంతునకు దిగును. వాక్యము చివర తల వంచు బోధకుడు ఆ దూరమును ప్రతి వాక్యమునకు మార్చుచుండును. తెరచియుంచిన మైకుల సంఖ్య రెట్టింపైనప్పుడెల్ల మూడు డెసిబెల్లులు తగ్గించుకొననిచో మైకు కూత పెట్టును. పాడనివాని మైకును మూయుట ఎవరికిని ఖర్చులేని చికిత్స.

బిగ్గరతనమునకు న్యాయస్థానము కూడ హద్దు గీచినది. మద్రాసు కె.కె.ఆర్. నగరమునందలి పెంతెకొస్తు సంఘమొకటి లౌడుస్పీకర్లు, డ్రమ్ములు వాడుటనుగూర్చి ఇరుగుపొరుగువారు పెట్టిన వ్యాజ్యము సుప్రీంకోర్టువరకు పోయెను. ఇతరుల శాంతిని భంగపరచి ప్రార్థింపవలెనని గాని, యంత్రములతో గొంతు పెంచవలెనని గాని ఏ మతమును విధింపదని 2000 ఆగష్టు 30న ఆ న్యాయస్థానము తీర్పు చెప్పెను. అదే సంవత్సరమున వెలువడిన శబ్దకాలుష్య నిబంధనలు నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్లుల మితిని నిర్ణయించినవి. బయటికి వినబడకుండ కిటికీలు మూసిన, లోపల నాదము హెచ్చును. తెరచిన, రహదారి రొద లోనికి వచ్చును. రహదారి ప్రక్క మందిరములకు ఈ రెండింటి నడుమ ఇరుకు తప్పదు. రహదారివైపు కిటికీలను మూసి, ఎదుటివైపువానిని తెరచి, పోయిన శోషణమును వస్త్రముతో పూరించుట కొంతవరకు సాధ్యము.

మందిరము నలుమూలల మాట సమముగ వినబడుచున్నదో లేదో తెలిసికొనుటకు ఖరీదైన యంత్రములు అక్కరలేదు. అమెరికాలో టెలిఫోను సంస్థకు చెందిన హార్వే ఫ్లెచర్ మొదలగువారు ఒకరిచే అక్షరములను చదివించి, వినువారిచే వ్రాయించి, తప్పులను లెక్కించెడివారు. వెర్న్ నూడ్సెన్ 1920లలో ఈ పద్ధతినే సభామందిరములకు వర్తింపజేసెను. తెలుగుబడిలో దీనిపేరు శ్రుతలేఖనము. పలు, పాలు, పల్లు, గడి, గడ్డి, క్షమించును, క్షమింపడు, మరచును, మరువడు. ఇట్టి ఏబది మాటలను క్రమము తప్పించి బోధకుడు మైకునందు చదువగా, ముందు, నడుమ, వెనుక, స్తంభముచాటున కూర్చున్న పిల్లలు పలకలపై వ్రాయవలెను. తప్పులు ఏమూల కూడుకొన్నవో ఆ మూలకు స్పీకరునో వస్త్రమునో మార్చి మరల చదివింపవలెను. మరల ఏ స్థానములలో నున్నప్పుడు తప్పులు తగ్గినవో అచ్చట రంగుతో గుర్తు పెట్టవలెను. ఈ పరీక్షను ఇరువదిమంది యున్ననాడు ఒకమారు, నూర్గురున్ననాడు ఒకమారు చేయవలసియుండును.